తడి బూట్లు

మూడు సంపుటాల నవల.
తొమ్మిది వందల పేజీలు, సన్న అచ్చు,
గ్రిమ్స్‌బీ లైబ్రరీ ముద్ర, నూటపదో పేజీలో ఎవరిదో టీ మరక.
దాన్ని రెండు గంటల పది నిమిషాల నాటకం చెయ్యమన్నారు నన్ను.
ఆరుగురు నటులు. ఒకటే మెట్లదారి.
పొగమంచు యంత్రం అద్దెది, శనివారాలు మాత్రమే.

కత్తెర పట్టాక కనికరం పనికిరాదు.
ముందు వాతావరణం పోయింది.
పద్దెనిమిది పేజీల వాన
రేకు మీద ఒక్క ఉరుమైంది.
తర్వాత ఇద్దరు పినతల్లులు, ఒక పాస్టరు,
లిస్బన్ నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ.
ముసలి ఓడల యజమాని గ్యారోబీ మాత్రం
రోజూ ఏడూ నలభైకి
పాలగ్లాసు ఖాళీ చేసి చచ్చిపోవాల్సిందే.

మూడో సంపుటంలో ఒక పనిపిల్ల ఉంది, టాబితా.
నలభై పేజీల వాంగ్మూలం ఆమెది.
తెల్లవారుజామున మేనల్లుడి బూట్లు తడిగా ఉండటం
ఆ ఇంట్లో చూసింది ఆమె ఒక్కతే.
రాత్రంతా పక్క దిగలేదని అతను ఒట్టు పెడుతుంటే
బొగ్గుల బకెట్టుతో తలుపు పక్కన నిలబడి విన్నదీ ఆమే.
ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానని ఆ రేవులో
రెండు సంపుటాల పొడుగునా నానబెట్టింది.
ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని జడ్జి గద్దిస్తే
"ఎవరూ అడగలేదండీ" అంది.

ఆ నలభై పేజీలూ కోసేశాను.
బూట్ల సంగతి ఇన్‌స్పెక్టరుకిచ్చాను.
అతను కిటికీ వైపు తిరిగి, పైపు వెలిగించి,
తన బుర్రలోనే పుట్టినట్టు చెప్తాడు.
చప్పట్లు పడే చోటది.
టాబితాకి మిగిలింది
ఒక "చిత్తం, అమ్మగారూ", మూడో అంకంలో ఒక కేక.

ఆ వేషం బ్రయొనీ స్టాదర్స్‌ది.
పగలు చేపల ఫ్యాక్టరీలో ముళ్లు తీస్తుంది,
రిహార్సలుకొస్తూ నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంటుంది.
ఎవరికీ చెప్పకుండా నవల మొత్తం చదివింది,
రాను ఒక బస్సు, పోను ఒక బస్సు.
ఒక గురువారం నా కుర్చీ పక్కన నిలబడింది.
మాటలడుగుతుంది కాబోలు, ఎక్కణ్ణుంచి తేను?
"మాటలొద్దు" అంది.
"మొదటి అంకంలో ఆ మెట్ల కింద కూచుని
బూట్లు తుడుచుకోనివ్వండి చాలు."

అంతే చేసింది.
పెద్దలంతా వీలునామా గురించి అరుచుకుంటుంటే
మూలన మోకాళ్ల మీద కూచుని
ఒక బూటు ఎత్తి, తలకిందులు చేసి,
కారిన నీటిచుక్కను చూసింది.
ఆ తర్వాత మేనల్లుణ్ణి చూసింది.
తుడవడం మొదలుపెట్టింది.

హాల్లో ఎవరూ గమనించలేదు, పదకొండు రాత్రులు.
నాకే నిద్ర పట్టలేదు.
"ఎవరూ అడగలేదండీ" అన్న మాట
కాగితం మీద మళ్లీ రాసి తీసుకెళ్లాను.
చదివి, మడిచి, నా జేబులోనే పెట్టింది.
"ఇప్పుడు చెప్తే ఇన్‌స్పెక్టరుకి సాయం చేసినట్టుంటుంది."

ఆఖరి శనివారం, అద్దె పొగమంచు ముందు వరసదాకా పాకుతుంటే
నాలుగో వరసలో ఒక ముసలావిడ
చాక్లెట్ కాగితం విప్పడం ఆపి
పక్కావిడతో, అందరికీ వినబడేలా,
"ఆ పిల్లకి తెలుసు" అంది.
ఇన్‌స్పెక్టరు తర్వాతి డైలాగు మర్చిపోయాడు.
బ్రయొనీ తల ఎత్తలేదు. గుడ్డ మాత్రం
ఒక్క క్షణం ఆగింది.

ఆ రాత్రి డాక్ రోడ్డు మీద నిజం వాన,
ఏ రేకూ మోగించని వాన.
మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర బూట్లు విప్పేసి
ఎవరైనా చూస్తారేమోనని, ఎందుకో, వెనక్కి తిరిగి చూశాను.

పొద్దున లేచేసరికి
వాటిని గోడవారగా జరిపి
కింద పాత పేపరు పరిచి ఉంది.
మెట్లు అప్పుడే కడిగినట్టున్నారు, ఇంకా ఆరలేదు.

కడిగే ఆమె ఆరేళ్లుగా వస్తోంది.
పేరు నాకు తెలీదు.